టైర్లకు తలంటు

పోర్ట్‌బ్లెయిర్‌లో టైరు గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు ఇంకొకడున్నాడని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఇది గొప్ప కోసం చెప్పుకునే మాట కాదు. సరే, గొప్ప కోసమే అనుకోండి, నాకేం? పందొమ్మిది వందల యాభై మూడులో కాకినాడ నుంచి మద్రాసు వెళ్లి, అక్కడ ఓడెక్కి, నాలుగు రోజులు కక్కుకుంటూ ఇక్కడ దిగినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. దుంగలు మోసే లారీలకు పంచర్లు వేసే పనిలో చేరాను. ఆ లారీలు ఎక్కిన కొండలూ, కూరుకుపోయిన బురదా, వాటి కింద అరిగిన రబ్బరూ అన్నీ నా చేతుల మీదుగా పోయినవే. పదేళ్ల తరవాత ఆస్టినాబాద్ మలుపులో నాలుగు రేకులు నిలబెట్టి సొంత షాపు పెట్టుకున్నాను.

గుమ్మం మీద ఆకుపచ్చ బోర్డు కట్టాను. పైన తెలుగులో, కింద హిందీలో 'యిర్మియా టైర్లు' అని ఉంటుంది. హిందీ అక్షరాలు పెయింటరు రాశాడు, తెలుగు అక్షరాలు నేనే రాశాను. ఓడ దిగినప్పుడు నా పేరు పిలిచేవాడే లేడు. అందరికీ నేను 'ఏయ్ పంచర్‌వాలా'నే. అందుకని రోజూ పొద్దున్న తాళం తీసేముందు ఒకసారి ఆ బోర్డు వైపు చూసుకుంటాను. మా ఆవిడ మేరమ్మ నవ్వుతుంది, పెళ్లికూతురిని చూసినట్టు ఎందుకా చూపు అంటుంది. నవ్వితే నవ్వనీ.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊరంతా అంటారు. ముక్కు మీద కాదు, చేతిలో ఉంటుంది. చేతిలో ఏ పానా ఉంటే ఆ పానా ఎగురుతుంది. నోటిలో ఏ మాట ఉంటే ఆ మాట ఎగురుతుంది. పానా అయితే వెళ్లి ఏరి తెచ్చుకోవచ్చు.

డెబ్బై తొమ్మిది జనవరిలో ఇక్కడి డ్రైవర్ల సంఘం వాళ్లు జీపుల పందెం పెట్టారు. మిన్నీ బే పైన కొత్త క్వార్టర్ల కోసం తారు రోడ్డు ఒకటి వేశారు. గుండ్రంగా కొండను చుట్టి మళ్లీ మొదటికి వస్తుంది. ఇళ్లు ఇంకా కట్టలేదు, మనుషులు లేరు, బళ్లు లేవు. శుక్రవారం అందరూ ఆ రోడ్డు మీద తిరిగి చూసుకోవాలి, శనివారం పొద్దున తొమ్మిదికి పందెం. మొత్తం పన్నెండు చుట్లు. సంఘానికి పెద్ద జీవానందం గారు, మెరైన్ వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, నిక్కచ్చి మనిషి. ఆయన ఒక షరతు పెట్టాడు. శుక్రవారం ప్రతి టైరుకూ పక్కన పసుపు రంగు గుర్తు వేస్తారు. ఆ గుర్తున్న టైర్లతోనే శనివారం పరుగెత్తాలి. మార్చకూడదు. పందెం అయ్యాక ఏ టైరుకైనా రబ్బరు అరిగి లోపలి నైలాను పోగు బయటపడిందంటే గెలుపు చెల్లదు. టైరు అంటే ఇక్కడ మాటలు కాదు మరి, ఓడ రావాలి, ఓడ దిగాలి, అప్పుడు గానీ మొహం చూడలేం. ఒక్క పూట పందెం కోసం టైర్లు తగలెయ్యడం జీవానందం గారికి నచ్చదు.

అంటే ఏమిటన్నమాట? రోడ్డును పట్టుకోవాలి, అరక్కుండా నిలవాలి. ఈ రెండూ ఒక చోట దొరకడం కష్టం. మెత్తటి రబ్బరు పట్టుకుంటుంది, కానీ ఇట్టే అరిగిపోతుంది. గట్టి రబ్బరు ఏళ్ల తరబడి ఉంటుంది, కానీ మలుపులో మోసం చేస్తుంది.

పందెం మాట వినగానే జోగులు నా షాపుకొచ్చాడు. జోగులు జంగ్లీఘాట్ ఒడ్డున ఉండే కామమ్మ కొడుకు. ఆవిడ మొగుడు సముద్రం మీద పోతే, రెక్కల కష్టంతో పడవను నిలబెట్టుకుని కొడుకును పెంచింది. వాళ్లది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన గంగపుత్రుల వాడ. పన్నెండు ఇళ్లవాళ్లు కలిసి వేలంలో ఒక పాత జీపు కొన్నారు, చేపలు అబర్డీన్ బజారుకు చేర్చడానికి. వాళ్లలో స్టీరింగు పట్టిన మొదటివాడు జోగులే. పాతికేళ్లుంటాయి. బజార్లో మిగతా డ్రైవర్లు ఆ జీపు వస్తుంటే ముక్కు మూసుకుని దారిచ్చేవాళ్లు. వాడు దాన్ని గౌరవమనుకుంటున్నట్టు తల పైకెత్తి పోయేవాడు. ఆ పొగరు నాకు నచ్చింది. పందెం తరవాత అవే టైర్లతో ఏడాది పాటు చేపలు మొయ్యాలి చాచా, మళ్లీ కొనే తాహతు లేదు అన్నాడు. ఆ మాట కూడా నచ్చింది.

తొమ్మిది రోజులు తిరిగాను. షెడ్లూ గ్యారేజీలూ చెత్త కుప్పలూ ఒకటి వదల్లేదు. టైరు చూడగానే నేను గాడుల లోతు చూడను. ముందు బొటనవేలి గోరుతో నొక్కుతాను. గోరు దిగి, తియ్యగానే గుంట పూడిందంటే రబ్బరుకు ప్రాణం ఉన్నట్టు. దిగనే లేదంటే ఎంత కొత్తదైనా ముసలిదే. తరవాత వాసన చూస్తాను. తరవాత పక్కభాగాన్ని వంచి, సన్నని పగుళ్లున్నాయేమో చూస్తాను. ఉప్పుగాలీ ఎండా తిన్న టైరుకు అక్కడే ముడతలు పడతాయి. చివరికి ఒక డాక్టరమ్మ గారి జీపుకున్న నాలుగు టైర్లు దొరికాయి. ఆవిడ ఎప్పుడూ చెట్టు నీడనే బండి పెట్టేది. నాలుగూ ఒకేసారి కొన్నవి, ఒకేలా సగం అరిగినవి. వాటికి బదులు నా దగ్గరున్న మంచివి వేసి, ఆ నాలుగూ ఒలుచుకొచ్చాను.

సగం అరిగినవి ఎందుకంటారా? కొత్త టైరు మీద రబ్బరు దిమ్మెలు ఎత్తుగా ఉంటాయి. వేగంగా మలుపు తిప్పితే అవి అటూ ఇటూ ఊగుతాయి, వేడెక్కుతాయి, ముక్కలై ఊడతాయి. సగం అరిగితే దిమ్మెలు పొట్టిగా, కుదురుగా ఉంటాయి. జనవరిలో వాన రాదు, నీళ్లు తోడెయ్యడానికి లోతు గాడులతో పని లేదు. ఈ మాట చెబితే ఎవడికీ ఎక్కదు. ఈ దీవుల్లో ఓడలో దిగిందల్లా బంగారమే. పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు గదా.

ఆ పుల్లకూర అమ్మేవాడు నా సొంత బావమరిదే. మేరమ్మ తమ్ముడు సుందర్‌రాజ్ అబర్డీన్ బజార్లో కొత్త టైర్ల షాపు పెట్టాడు. కాగితం చుట్టిన టైర్లు, అద్దాల బీరువా, తిరిగే ఫ్యాను. పందెంలో ముందుంటాడని అందరూ అనుకుంటున్న రమణయ్య జీపుకు వాడే నాలుగు కొత్త టైర్లు వేశాడు. అవి ఓడలోనూ గోడౌన్లలోనూ ఎన్నేళ్లు మగ్గాయో నా గోరుకు తెలుసు. వాడికి తెలియదు పాపం, వాడికి కాగితం మీద మెరుపే కనబడుతుంది.

బజార్లో టీ కొట్టు దగ్గర, పదిమంది డ్రైవర్ల ముందు, వాడు నన్ను పట్టుకున్నాడు. "ఏం బావా, పెళ్లికి పంపుతూ పిల్లాడికి పాత బట్టలు కట్టావంట?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

నాకు చర్రున లేచింది. చేతిలో పానా లేదు గనక మాట విసిరాను. "పన్నెండు చుట్లలో నా టైరు పట్టు వదిలి జీపు రోడ్డు దిగినా, పోగు బయటపడినా, నా బోర్డు నా చేత్తో దించుతాను. నీ షాపులో కూర్చుని గాలి కొడతాను."

నవ్వు ఆగిపోయింది. టీ కొట్టువాడు కూడా గరిటె తిప్పడం ఆపాడు. సుందర్‌రాజ్ మొహం చిన్నబోయింది, వాడు అంతదాకా తేవాలనుకోలేదు. ఎందుకులే బావా అన్నాడు. కానీ పదిమంది విన్నారు. ఇంటికెళ్లి చెబితే మేరమ్మ చేతిలో పళ్లెం కింద పెట్టేసింది. ఆ బోర్డు అంటే నాకేమిటో ఆవిడకు తెలుసు. ఆ రాత్రి ప్రార్థనలో జోగులు జీపు పేరు కూడా చెప్పింది.

శుక్రవారం జోగులు ఎనిమిది చుట్లు తిరిగాడు. దిగగానే నేను నాలుగు టైర్లనూ అరచేత్తో తడిమాను. నాలుగూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి, అరుగుదల సన్నగా, సమంగా, అగరుబత్తి నుసిలా ఉంది. కన్నతండ్రికి కూడా ఇంత సంబరం ఉండదు. జీవానందం గారు పసుపు గుర్తులు వేశారు. జీపు వాళ్ల వాడకు తీసుకుపోయి, పడవల షెడ్లో నీడన పెట్టమన్నాను. ఎండ తగలనివ్వద్దన్నాను, దాని మీద బరువు వెయ్యద్దన్నాను, టైర్లలో గాలి ముట్టద్దన్నాను. చెప్పాల్సినవన్నీ చెప్పాననుకున్నాను.

శనివారం తెల్లవారి ఆరింటికి మేరమ్మా నేనూ జంగ్లీఘాట్ ఒడ్డుకు వెళ్లాం, అక్కణ్నుంచి అందరం కలిసి పందేనికి పోదామని. షెడ్లోకి అడుగు పెట్టగానే ముందు వాసన కొట్టింది. సొరచేప నూనె వాసన. పడవల షెడ్లో ఆ వాసన వింతేం కాదు. అప్పుడు జీపు వైపు చూశాను.

నాలుగు టైర్లూ నిగనిగలాడుతున్నాయి. గాడుల్లోకి కూడా ఇంకేలా, ఎక్కడా వదలకుండా, ప్రేమగా పట్టించిన నూనె. పసుపు గుర్తు పక్కన కుంకుమ బొట్టు. బానెట్ మీద మందార పువ్వు.

కామమ్మ పక్కనే నిలబడి ఉంది, మెచ్చుకుంటాననుకుంటూ. వాళ్ల ఆచారం అది. ఏ పడవ అయినా పెద్ద వేటకు పోయేముందు సొరనూనె పట్టిస్తారు. చెక్క ఉప్పుకు చెడిపోకుండా, పగలకుండా కాస్తుందది. తన మొగుడి పడవకు ఎన్నేళ్లు పట్టించిందో ఆ చేతులతోనే, ఇంట్లో దాచుకున్న సీసా అంతా తెచ్చి, శుక్రవారం రాత్రి కొడుకు నిద్రపోతుంటే కొడుకు జీపుకు పట్టించింది. ఉప్పుగాలికి టైర్లు పగులుతాయని నేనే గదా వాడితో అన్నది, వాడే గదా ఇంట్లో చెప్పింది. చెక్కకు చేసిన మేలు రబ్బరుకూ చేస్తుందనుకుంది. తారు మీద నూనె టైరు వేస్తే జీపు మొదటి మలుపులోనే కొండ దిగుతుందని ఆవిడకు ఎవరు చెప్పారు?

ఇప్పుడింత నిదానంగా చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు కళ్లు మూసుకుపోయాయి. నా బోర్డు పోయింది. తొమ్మిది రోజుల తిరుగుడు పోయింది. పెద్దగా అరిచాను. వాడవాళ్లంతా పోగయ్యారు. వాళ్లందరి ముందు ఆవిడ మొహం మీద అన్నాను.

"పడవలు రుద్దుకునేవాళ్లకి జీపులెందుకు మీకు? చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని నడవక!"

మేరమ్మ నా వెనక నుంచి, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అంది, చాలా మెల్లిగా. జోగులు మొహం నల్లబడిపోయింది. వాడు పెట్రోలు డబ్బా అందుకున్నాడు టైర్లు కడుగుదామని. డబ్బా లాక్కున్నాను. పెట్రోలు నూనెతో పాటు రబ్బరునూ తింటుంది. కిరసనాయిలు ఇంకా అన్యాయం. బట్టల సబ్బు రుద్దితే సబ్బు జిడ్డే మిగులుతుంది. టైరు గురించి ఊళ్లో అందరికంటే తెలిసినవాణ్ని నేను. నాకే దారీ కనబడలేదు. అక్కడే ఒక పడవ అంచు మీద కూలబడ్డాను.

కామమ్మ ఏడవలేదు. ఏడుస్తుందనుకున్నాను, ఎదురు తిడుతుందనుకున్నాను. కొంగు బిగించి, ఒక టైరు మీద వేలు రాసి, ఆ వేలిని చూసుకుంది.

"నూనే గదా బావూ అంటింది? తారు కాదు గదా. వారం వారం మా నెత్తిన రాసుకునేదీ నూనే. కుంకుడుకాయెట్టి రుద్దితే పోతంది. ఎంటిక ఊడదు, జిడ్డు ఉండదు. దీనికేటి, పోదా?" అంది.

నేను తలెత్తి చూశాను. నాది బట్టతల. పదిహేనేళ్లుగా కుంకుడుకాయ మొహం చూడలేదు. ఆ మాట నా బుర్రలో పుట్టకపోవడానికి అదే కారణమని మేరమ్మ ఈ రోజుకీ అంటుంది. కానీ మాట వినగానే నాకు తెలిసిపోయింది. పుల్లగా, మెత్తగా, నూనెను మాత్రమే పట్టుకుని పోయే నురగ. రబ్బరును ఏమీ అనదు. తల ఊపాను.

జోగులును జీవానందం గారి దగ్గరకు పరిగెత్తించాను, కడగవచ్చా అని అడగమని. దేనితోనైనా కడుక్కోండి, పసుపు గుర్తు చెరిగితే మాత్రం ఊరుకోను అన్నాడట ఆయన. వాడు ఆ కబురు తెచ్చేసరికి ఇక్కడ పొయ్యిలు వెలిగిపోయాయి. కుంకుడుకాయలూ ఓడలో రావలసినవే. ఎవరి ఇంట్లోనూ దోసెడుకు మించి ఉండవు, డబ్బాలో దాచుకుంటారు. ఒక్కొక్క ఇంటి నుంచీ ఒక్కొక్క డబ్బా వచ్చింది. కాళమ్మ, అసిరమ్మ, అమ్మడు, పన్నెండు ఇళ్ల ఆడవాళ్లూ రాళ్ల మీద కాయలు కొట్టడం మొదలుపెట్టారు. మేరమ్మ చెప్పులు విడిచి వాళ్ల మధ్య కూర్చుంది.

అంతకంటే పెద్ద చిక్కు నీళ్లు. జనవరి వస్తే ఈ ఊళ్లో కుళాయి రోజు విడిచి రోజు. ఆ రోజు కుళాయి రాని రోజు. ఇంట్లో తాగడానికి పట్టుకున్న బిందెలు తెచ్చి, ఒక్కరు కూడా గొణక్కుండా, టైర్ల మీద పోశారు. నేనన్న మాటను కూడా కడిగేస్తున్నట్టు పోశారు. నేను చూస్తూ నిలబడ్డాను.

వేడినీళ్లలో పిసికిన కుంకుడు రసం, కొబ్బరి పీచు. ఒక్కో టైరుకు ముగ్గురు. గాడుల్లోకి పుల్లలతో పీచు దూర్చి రుద్దారు. పసుపు గుర్తు చుట్టూ మాత్రం చంటిపిల్ల కంట్లో నురగ పడకుండా చూసినట్టు చేతులడ్డం పెట్టుకున్నారు. అప్పుడు నా పని నాకు గుర్తొచ్చింది. పాత హిందీ పేపరు ముక్క తెచ్చి టైరుకు అదిమాను. జిడ్డుంటే కాగితం మీద మరక పడి అవతలి వెలుగు కనబడుతుంది. మొదటి తలంటుకు కాగితం మొత్తం తడిసిపోయింది. రెండోదానికి అక్కడక్కడ చుక్కలు. మూడోదానికి కుంకుళ్లు నిండుకున్నాయి. మేరమ్మ లేచి, పరుగున మా ఇంటికెళ్లి, ఆదివారం చర్చికి ముందు తలంటుకోవడానికి దాచుకున్న డబ్బా తెచ్చి కుమ్మరించింది. మూడోసారి ఆరిన కాగితంలో అక్షరాలు తప్ప ఇంకేమీ కనబడలేదు.

అక్కడితో వదల్లేదు. ఒడ్డు నుంచి పైకి పోయే గరుకు రాళ్ల దారిలో జోగులు చేత జీపును ఆరుసార్లు ఎక్కించి, దించి, బ్రేకులు వేయించాను, పైపొర గీరుకుపోవాలని. తరవాత గోరుతో నొక్కాను. దిగింది, తియ్యగానే పూడింది. ఎనిమిదిన్నర అయింది.

బయలుదేరుతుంటే కామమ్మను రమ్మన్నాడు జోగులు. ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, మీరెళ్లండి, వలలు ఆరేసుకోవాలి అంది. మేం వెళ్లాం.

కొండ మీద జనం కిటకిటలాడిపోతున్నారు. ఆరు జీపులు. మైకులో హిందీ. సుందర్‌రాజ్ నా పక్కకొచ్చి, బావా ఈ వాసనేంటి, పందేనికి పంపుతున్నావా పులుసుకు పంపుతున్నావా అన్నాడు. ఇంకో రోజైతే వాడి చెంప పగిలేది. ఆ రోజు మాత్రం నా కళ్లు జోగులు టైర్ల మీదే ఉన్నాయి.

మొదటి చుట్టులో, సముద్రం వైపు తిరిగే పెద్ద మలుపులో, జోగులు జీపు వెనక భాగం జానెడు జారింది. జానెడే. చక్రం రోడ్డు అంచు తెల్లగీతను తాకి మళ్లీ లోపలికొచ్చింది. మేరమ్మ గోళ్లు నా చేతిలో దిగాయి. రెండో చుట్టులో అదే మలుపులో జారలేదు. మూడో చుట్టు నుంచి ఆ టైర్లు రోడ్డును ఉడుము పట్టినట్టు పట్టుకున్నాయి.

ఐదు చుట్ల దాకా రమణయ్యే ముందు. కాగితం విప్పిన టైర్లు, మెరుస్తున్నాయి. కానీ మలుపు వచ్చినప్పుడల్లా వాడు వేగం తగ్గించక తప్పడం లేదు, ఆ రబ్బరు ఎక్కడో గోడౌన్లోనే రాయిగా మారిపోయింది. ఇంకొకడు పాత టైర్లకు కొత్త రబ్బరు అంటించిన మెత్తటి రీట్రెడ్లు వేసుకొచ్చాడు, పులిలా పట్టాడు గానీ ఎనిమిదో చుట్టులో పైపొర చీలికలై ఊడి పక్కకు ఆగిపోయాడు. జోగులు తొందరపడలేదు. మలుపు మలుపుకీ గజం గజం కలుపుకుంటూ వచ్చాడు. పదో చుట్టులో, సముద్రం మలుపులోనే, రమణయ్య కొత్త టైర్లు కీచుమంటూ బయటికి పోతుంటే, జోగులు లోపల నుంచి, తెల్లగీతను ఒరుసుకుంటూ దాటేశాడు. నేను ఏం అరిచానో నాకు తెలియదు. టోపీ ఎవరిదో గాలిలోకి విసిరాను, నాది కాదు.

పన్నెండూ అయ్యాయి. జీపు ఆగగానే జీవానందం గారు పావలా బిళ్ల తీసుకుని నాలుగు టైర్ల గాడుల్లోనూ నిలబెట్టి చూశారు. ఇంకా ఏడాది నడుస్తాయి ఇవి అన్నారు. పసుపు గుర్తులు అలాగే ఉన్నాయి. ఆ మాట వినడానికే ఇరవై ఆరేళ్లు బతికినట్టనిపించింది. మైకు పట్టుకుని, ఈ టైర్లు ఎంచినవాడు ఎవరు అని హిందీలో అడిగారు ఆయన, తెలిసే అడిగారు.

"నేనే. యిర్మియాని," అన్నాను.

చప్పట్లు కొట్టారు. సుందర్‌రాజ్ కూడా కొట్టాడు, నిజంగానే కొట్టాడు, వచ్చి కావలించుకున్నాడు. టీ కొట్టు దగ్గర నవ్వినవాళ్లంతా చేతులు కలిపారు. జోగులు ఆ చప్పట్లలో కప్పు పట్టుకుని నిలబడి, జనంలో ఎవరినో వెతుకుతున్నాడు. ఎవరినో ఏమిటి, తల్లిని. మేరమ్మ నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి పోతూ షాపు దగ్గర ఆగాను. బోర్డు ఉంది. గెలిచాను, ఉండాలి గదా. ఎప్పటిలా తలెత్తి చూసుకున్నాను. నా పేరు నాకే ఎబ్బెట్టుగా కనబడింది. నాకు సిగ్గేసింది. ఇరవై ఆరేళ్ల కిందట నన్ను 'ఏయ్' అని పిలిచినవాళ్లకూ, పొద్దున షెడ్లో నాకూ తేడా ఏముంది? వాళ్లు కనీసం నన్నలా అన్నాక నా తాగే నీళ్లు పోయించుకోలేదు.

నిచ్చెన తెచ్చి, తీగలు విప్పి, బోర్డు కిందకు దించాను. సుందర్‌రాజ్‌కు కబురు వెళ్లినట్టుంది, ఆయాసపడుతూ వచ్చాడు. "బావా, గెలిచావు గదా. ఎందుకు దించావు? పందెం నేను ఒదులుకున్నాను, పెట్టెయ్ బావా," అన్నాడు, పాపం కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి వాడికి. పందెం కోసం కాదురా, పెయింటు డబ్బా తెచ్చిపెట్టు, మంచిది, కొత్తది, నీ ఓడ సరుకే అన్నాను.

నాలుగు రోజులు పట్టింది. బుధవారం సాయంత్రం జంగ్లీఘాట్ వెళ్లాను. కామమ్మ చేపలు తూస్తోంది. పని అయ్యేదాకా పక్కన నిలబడ్డాను. ఒకసారి నా షాపుకు రావాలి చెల్లెమ్మా అన్నాను. జోగులు జీపు తీశాడు, ముందు సీట్లో తల్లి, వెనక చేపల బుట్టల మధ్య నేను. ఆస్టినాబాద్ దాకా ఆ వాసనలోనే వచ్చాను. బజార్లో ముక్కు మూసుకున్నవాళ్లు నన్ను చూసి వేలు తీసేశారు.

బోర్డు ఇంకా కట్టలేదు. షాపు ముందు గోడకు ఆనించి పెట్టాను. ఆకుపచ్చ రంగు మీద నేను రాసిన తెల్లటి తెలుగు అక్షరాలు, కింద హిందీ పెయింటరు ఇంకా రాయాలి. కామమ్మకు చదువు రాదు. జోగులు బళ్లో హిందీ చదివాడు, తెలుగు మాట్లాడతాడే గానీ అక్షరం పోల్చుకోలేడు. చాచా, ఏం రాసింది అన్నాడు. నేను వేలు పెట్టి చదివాను.

"ఇక్కడ టైర్లు ఎంచి ఇవ్వబడును, యిర్మియా. టైర్లకు తలంటు పోయబడును, కామమ్మ."

జోగులు నవ్వు మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. నేను నేలను చూస్తూ, ఆ రోజు అందరి ముందూ అన్నాను, అందరూ చదివే చోట రాశాను, మనసులో పెట్టుకోకు చెల్లెమ్మా, తప్పు నాది అన్నాను. ఇంతకాలం ఇలాంటి మాట ఎవరికీ చెప్పలేదు నేను. నోట్లోంచి రావడం చాలా కష్టమైంది, కానీ వచ్చింది.

ఆవిడ వంగి బోర్డును దగ్గరగా చూసింది.

"నూనెట్టింది కూడా నానే గదా బావూ. అదీ రాయాల," అంది.

అప్పుడు నవ్వాను. ముగ్గురం నవ్వాం. లోపల్నుంచి మేరమ్మ కూడా నవ్వింది, వింటూనే ఉందన్నమాట. నవ్వు ఆగాక కామమ్మ, తన పేరు ఎక్కడుందో చూపించమంది. చూపించాను. 'కా' నుంచి 'మ్మ' దాకా వేలితో మెల్లిగా రాసింది, రంగు ఆరిందో లేదో చూసేవాళ్లలా. తెల్లారుజాము నుంచి చేపల్లో ఉన్న చెయ్యి అది. బోర్డు మీద ఆ పేరు పొడవునా సన్నని నూనె మరక పడింది. జోగులు చొక్కా అంచుతో తుడవబోయాడు. వద్దన్నాను.

అయిదేళ్లయింది. బోర్డు గుమ్మం మీదే ఉంది, పొద్దున తాళం తీసేముందు ఇప్పటికీ ఒకసారి తలెత్తి చూస్తాను. ఎండ వాలుగా పడితే ఆ మరక ఇంకా కనబడుతుంది.